ఆయుధధారణ స్వాతంత్ర్యము



గ్రామములలో పెద్దరికము వహించిన మీకు తుపాకి క్రొత్త వస్తువు కాదు. మోతుబరి యింటి గోడకు వ్రేలాడిన జోడుతుపాకిని మీరు చూచియుందురు. అడవి యంచున నున్న యూళ్లలో మంచెపై కావలి కాయువాడు నాటుతుపాకిని ప్రక్కన బెట్టుకొని రాత్రి గడపుటయు మీ రెరిగినదే. ఎన్నికలు ప్రకటింపబడినప్పుడు లైసెన్సుదారులు తమ తుపాకులను ఠాణాలో అప్పగించి, రసీదు పుచ్చుకొని వచ్చుట పెక్కుచోట్ల వాడుకయైపోయినది. కాని యీ వస్తువును గూర్చి మన మడుగవలసిన మూలప్రశ్న నొకదానిని మాత్రము మన మెన్నడును తీరికగా విచారింపలేదు. ప్రాణరక్షణకై, పంటరక్షణకై యొక ఆయుధమును ఇంట నుంచుకొనుట మనుష్యునకు గల హక్కా? లేక సర్కారువారు దయదలచి యిచ్చు అనుమతియా? నేటి ప్రసంగమున కిదియే విషయము.

ఈ ప్రశ్న యెత్తగానే, ఇది తుపాకులమీద మోజుగల యే యొక పక్షమువారి వాదమో యని కొందరు తలంచెదరు. ఆ తలంపు సరికాదు. మన దేశచరిత్రలో మితవాదులును, అతివాదులును, అహింసావ్రతులును, కొండలలో తిరుగుబాటు చేసినవారును, ఎర్రజెండావారును, త్రివర్ణపతాకమువారును ఏదో యొక కాలమున ఈ హక్కును కోరిరి. అధికారము చేతికి వచ్చిన తరువాత దానిని గూర్చి సందేహించినవారును వీరిలోనే యుండిరి. ఈ రెండవ మాటయే నాకు మొదటి దానికంటె ఎక్కువ విచార్యముగా తోచుచున్నది.

కథ 1857తో మొదలగును. సిపాయిల తిరుగుబాటు అణగిన పిదప, జనుల చేతులలో ఆయుధము లుండుట తమ ప్రభుత్వమునకు క్షేమము కాదని ఇంగ్లీషువారు నిశ్చయించిరి. కొన్ని చట్టములు వెంటనే వచ్చినవి. వానినన్నిటిని కూర్చి లిట్టను ప్రభువు వైస్రాయిగా నుండగా 1878లో ఆయుధముల చట్టము నొకదానిని చేసిరి. దాని నిర్వచనములో తుపాకులే కాదు. కత్తులు, బాకులు, బల్లెములు, విల్లంబులు కూడ ఆయుధములుగానే లెక్కింపబడినవి. అదే సంవత్సరమున, అదే లిట్టను ప్రభువు, దేశభాషా పత్రికల నోరు కట్టు మరియొక చట్టమును గూడ తెచ్చెను. ఒకే యేట నోటికి నొక కట్టు, చేతికి నొక కట్టు. నోటి కట్టును రిప్పను ప్రభువు 1882లో విప్పెను. చేతి కట్టు మాత్రము, ఇంగ్లీషువారు వెళ్లిపోయిన తరువాత కూడ పండ్రెండేండ్లకు పైగా, చట్టముల పుస్తకములో నట్లే నిలిచియుండెను.

ఆ చట్టములో జనులను నిజముగా నొప్పించినది లైసెన్సు కాదు, పంక్తిభేదము. ఐరోపావారికిని, ఆంగ్లో ఇండియనులకును దాని నుండి మినహాయింపు. దొరగారు వేటకు పోవలెనన్న ఎవరి యనుమతియు నక్కరలేదు. ఆ దొరగారి కచేరీలో తీర్పులు వ్రాయు హిందూదేశపు న్యాయాధికారి మాత్రము అర్జీ పెట్టుకొనవలసియుండెను. కూర్గు దేశపు కొడవలు మాత్రము ఆనాడే మినహాయింపు పొందిరి. ఆ మినహాయింపు నేటికిని వారికి కొనసాగుచున్నది. దానిని ప్రశ్నించుచు దాఖలైన వ్యాజ్యమును కర్ణాటక హైకోర్టు 2021లో కొట్టివేసినది. కొడవల యిండ్లలో తుపాకిని పండుగనాడు పూజింతురు. ఇంటింట తుపాకి యున్నంతమాత్రమున కూర్గు నరహత్యలకు నిలయము కాలేదని ఈ హక్కును కోరువారు చూపుచుందురు. అందులో నిజము లేకపోలేదు. అయితే ఆచారము, కట్టుబాటు గల చిన్న సమాజమును చూచి దేశమంతటికిని కొలత వేయవచ్చునా యనునది వేరు సంగతి.

1887లో చెన్నపట్టణమున కాంగ్రెసు మూడవ మహాసభ జరిగినది. అధ్యక్షులు బద్రుద్దీను తయాబ్జీగారు. ఆనాటి కాంగ్రెసువారెవరు? కోటు తొడిగి, రాణిగారికి జయము పలికి, వినయముగా తీర్మానములు చేయు వకీళ్లు, వర్తకులు, జమీందారులు. అట్టివారు సైతము ఆ సభలో ఆయుధముల చట్టమును సడలింపవలెనని తీర్మానించిరి. ఈ చట్టము వలన జనులకు కష్టము కలుగుచున్నదనియు, రాజభక్తి గల ప్రజలపై అకారణముగా నింద మోపబడుచున్నదనియు వారి మొర. ఈ రెండవ మాటను గమనింపుడు. తుపాకి లేని కొరతకంటె, నిన్ను నేను నమ్మనని ప్రభుత్వము ముఖముననే చెప్పుటయే వారిని గాయపరచినది.

ఆ తరువాత తిలకుగారి వర్గము ఈ చట్టమును తీవ్రముగా నిరసించినది. మీలో చాలమంది కాశ్చర్యము గొల్పు సంగతి గాంధీ మహాత్మునిది. 1918లో ఖేడా జిల్లాలో సైన్యమునకు మనుష్యులను చేర్చుటకై ఆయన యొక కరపత్రము వ్రాసెను. అందులో, జాతినంతటిని నిరాయుధముగా చేసిన చట్టమును ఇంగ్లీషు పరిపాలనలోని దుష్కృత్యము లన్నిటిలో మిక్కిలి నల్లనిదిగా చరిత్ర యెంచునను భావమును వెల్లడించెను. అది సైన్యమున చేరుడని చెప్పు సందర్భమున వ్రాసినదని మరువరాదు. ఆ వాక్య మొక్కటి పట్టుకొని ఆయనను తుపాకుల పక్షపాతిగా చిత్రించుట అన్యాయము. కాని 1930 జనవరిలో, ఉప్పు సత్యాగ్రహమునకు ముందు, వైస్రాయి యెదుట ఆయన యుంచిన పదునొకండు కోరికల మాట యేమి? మద్యనిషేధము, భూమిశిస్తు సగమునకు తగ్గించుట, ఉప్పుపన్ను రద్దు మొదలగు వానితోపాటు, ఆత్మరక్షణకై తుపాకి లైసెన్సులు ప్రజల యదుపునకు లోబడి యియ్యవలెనని పదునొకండవ కోరిక. అహింస యనగా ఆయుధము పట్టగలవాడు తానై మానుకొనుట యనియు, పట్టనీయబడనివాని ఊరకుండుట అహింస కాదనియు ఆయన మతము. పట్టు హక్కే లేనివాడు దేనిని త్యజించును?

పెద్ద మోతీలాలు నెహ్రూగారి అధ్యక్షతను 1928లో తయారైన రాజ్యాంగ నివేదికలో, నిబంధనలకు లోబడి ఆయుధమును కలిగియుండు హక్కు ప్రతి పౌరునికిని గలదని వ్రాసిరి. 1931లో కరాచీ కాంగ్రెసు చేసిన ప్రాథమిక హక్కుల తీర్మానము సవరింపబడి వెలువడినప్పుడు అందులోను ఈ హక్కు చోటుచేసికొన్నది. అనగా స్వరాజ్యము వచ్చిన తక్షణము ఈ హక్కు మనది కాగలదని ఆనాటి పాఠకుడు తలచినచో అతని తప్పేమియు లేదు.

ఇక మన తెలుగునేలకు వత్తము. 1922 ఆగస్టు నెలలో అల్లూరి సీతారామరాజు మన్యమున తిరుగుబాటు నారంభించినప్పుడు మొదట చేసిన పని యేది? ఖజానా కొల్లగొట్టుట కాదు. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా మూడు దినములలో పడి తుపాకులను, తూటాలను పట్టుకొనిపోయెను. తాను తీసికొన్న వస్తువుల పట్టికను వ్రాసి సంతకముచేసి పోయెనని చెప్పుదురు. కొండవారికి విల్లంబులుండెను, బాణముపై గురియు నుండెను. కాని అటవీ శాసనములను, వెట్టిరోడ్డు పనులను వారి నెత్తిన రుద్దిన అధికారి వెనుక తుపాకి యుండెను. 1924 మేలో రాజును పట్టుకొని కాల్చివేసిరి. ఆయుధము ఒక్క పక్షముననే యున్నచోట న్యాయవిచారణ యెంత తేలికగా తొలగిపోవునో దీనివలన తెలియును.

నైజాము సీమలో జరిగినది మరియు దగ్గరి కథ. 1946 జూలై 4వ తేదీన కడవెండి గ్రామమున విసునూరు దేశముఖు మనుష్యులు కాల్చిన తూటాకు దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. అప్పటికి జనుల చేతిలో నున్నవి కర్రలు, ఒడిసెలలు, కారపుపొడి. దేశముఖుల గడీలలో తుపాకులు. ఆ పిదప రజాకారుల దండులు ఊళ్లమీద పడ నారంభించినవి. 1947 సెప్టెంబరులో రావి నారాయణరెడ్డి, బద్దం యెల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీనుగార్లు సాయుధపోరాటమునకు పిలుపునిచ్చిరి. ఎల్లలకావల కాంగ్రెసువారు నడపిన శిబిరములలోను ఆయుధములుండెను. ఒకరినొకరు సహింపని రెండు పక్షములు, పల్లెటూరివాడు తన గుమ్మమును తానే కాపాడుకొనవలెనను మాటలో మాత్రము ఏకమైనవి.

బైరాన్‌పల్లి పేరు మీరు వినియుందురు. ఆ యూరివారు రజాకారుల దోపిడిని తాళలేక రక్షకదళ మేర్పరచుకొని, ఊరి నడిమి బురుజునే కోటగా చేసికొనిరి. బురుజుపై నాటుతుపాకులతో కాపుండి, వచ్చిన దండును తిప్పికొట్టిరి. కాని 1948 ఆగస్టు 27వ తేదీన నైజాము సైన్యము తోడు రాగా రజాకారులు మరల వచ్చి, బురుజును ఫిరంగులతో కొట్టి, మగవారిని వరుసలలో నిలిపి కాల్చివేసిరి. ఆ బురుజు నేటికిని నిలిచియున్నది. ఈ కథను రెండు వాదములవారును తమకు సాక్ష్యముగా చెప్పుకొనగలరు. చేతిలో తుపాకి లేకున్నచో ఆ యూరు మొదటినాడే నాశనమై యుండెడిదని ఒకరందురు. ఫిరంగి యెదుట నాటుతుపాకి యేమి చేసినదని మరియొకరందురు. నామట్టుకు నేను మొదటి వాదము వైపే మొగ్గుదును. ఎందుకనగా తిప్పికొట్టిన ప్రతి దినమును ఆ యూరి స్త్రీలకును, బిడ్డలకును ఒక దినపు మానరక్షణ, ప్రాణరక్షణ. దానిని ఫలము కాదని దూరమున కూర్చుండి చెప్పుట సులభము.

సరిగా ఆ సంవత్సరముననే, డిసెంబరు మొదటి దినములలో, ఢిల్లీలో రాజ్యాంగసభ పౌరుల స్వాతంత్ర్యములను గూర్చి చర్చించినది. ఐ.సి.యస్. ఉద్యోగమును విడిచి దేశసేవలో దిగిన హెచ్. వి. కామతుగారు, ఆయుధమును కలిగియుండు హక్కును గూడ చేర్చవలెనని సవరణ ప్రతిపాదించిరి. కరాచీ తీర్మానమును జ్ఞాపకము చేసిరి. డాక్టరు అంబేద్కరుగారు దానిని నిరాకరించిరి. పరప్రభుత్వము జనులను నిరాయుధులను చేసిన నాటి కోరిక అదియనియు, ఇప్పుడు స్థితి మారినదనియు, ప్రతి మనుష్యుడును అంగడికి పోయి కొట్లాట సాధనములను అడ్డులేక కొనగల హక్కు పొందినచో రాజ్యము పరిపాలన సాగించుట యెట్లో తనకు తోచుటలేదనియు వారి యుత్తరముయొక్క సారము. సవరణ వీగిపోయినది. తుదకు రాజ్యాంగములో ఆయుధమను మాట 19వ అధికరణములో వచ్చినదిగాని, అది నిరాయుధులై శాంతముగా సమావేశమగు హక్కు! సిక్కులు కృపాణము ధరించుట మాత్రము మతస్వాతంత్ర్యములో భాగముగా 25వ అధికరణమున గుర్తింపబడినది.

అంబేద్కరుగారిని తప్పుపట్టుటకు ముందు ఆ సంవత్సరమును తలచుకొనవలెను. దేశవిభజనలో లక్షలకొలది జనులు హతులై యేడాదిన్నర యైనను నిండ లేదు. అదే 1948 జనవరి 30వ తేదీన ఒక పిస్తోలు మూడు గుండ్లతో మహాత్ముని బలిగొన్నది. అట్టి సభలో, అట్టి నెలలో, ప్రతివానికిని ఆయుధహక్కు వ్రాయుమనుట ఎవరి నోటికైనను కష్టమే. అయినను కామతుగారి వాదము చచ్చిపోలేదు. ఆయన అడిగినది అడ్డులేని హక్కు కాదు; చట్టము విధించు నిబంధనలకు లోబడిన హక్కు. పత్రికాస్వాతంత్ర్యమునకును నిబంధనలున్నవి, సంచారస్వాతంత్ర్యమునకును ఉన్నవి. నిబంధనలు గల హక్కునకును, హక్కు లేని అనుమతికిని భేదము చాల గలదు. హక్కయినచో, కాదనుటకు కారణము చూపవలసిన భారము సర్కారుది. అనుమతి యైనచో, కావలెనని బ్రతిమాలవలసిన భారము రైతుది.

సముద్రము కావలి అమెరికాలో ఈ హక్కు 1791లోనే రాజ్యాంగపు రెండవ సవరణగా వ్రాయబడినది. మన తెలుగు బిడ్డలు వేలకొలది అక్కడ కాపురముండుటచే ఆ దేశపు తుపాకుల కథ మన యిండ్లలో గూడ వినబడుచున్నది. అక్కడ నీ హక్కు తెల్లవారి పక్షమువారిదే యని మనవారు తలంచుట కద్దు. చరిత్ర అట్లు చెప్పదు. దాస్యవిమోచనము కాగానే, 1865లో మిసిసిపీ రాష్ట్రము నల్లవారు తుపాకి నుంచుకొనరాదని శాసించినది. 1956లో మార్టిను లూథరు కింగు గారి యింటిపై బాంబు వేసిన తరువాత, ఆయన తుపాకి ధరించుటకు అనుమతి నడుగగా స్థానికాధికారులు నిరాకరించిరి. తరువాతికాలమున ఆయన పూర్తిగా అహింసావ్రతుడై తుపాకిని ఇంట నుంచుకొనుట మానెను. కాని మానుట ఆయన నిర్ణయము, నిరాకరణ అధికారి నిర్ణయము. 1967లో బ్లాక్ పాంథర్లను నల్లవారి దళము తుపాకులు బాహాటముగా పట్టుకొని పోలీసుల వెంట తిరుగగా, కాలిఫోర్నియాలో దానిని నిషేధించుచు చట్టము చేసిరి. దానిపై సంతకము చేసినది సంప్రదాయపక్ష నాయకుడైన రీగనుగారే. తుపాకి ఎవరి చేతిలో నున్నదను దానినిబట్టి పక్షముల వేదాంతము తారుమారగుట మన దేశమునకే ప్రత్యేకము కాదు.

2008లో అమెరికా సుప్రీముకోర్టు, ఇంట ఆత్మరక్షణకై తుపాకి యుంచుకొనుట సైన్యముతో సంబంధము లేని వ్యక్తిగత హక్కే యని అయిదుగురు నలుగురు భేదముతో తీర్పు చెప్పినది. 2022లో న్యూయార్కు చట్టము నొకదానిని కొట్టివేసినది. ఆ చట్టము ప్రకారము తగిన కారణమున్నదని అధికారి యొప్పుకొననిదే తుపాకి ధరింప వీలులేదు. ఆ వ్యాజ్యములో, పేదలపక్షమున ఉచితముగా వాదించు నల్లజాతి వకీళ్లు, తమ కక్షిదారులే ఈ చట్టమువలన చెరసాలల పాలగుచున్నారని, తుపాకిహక్కు వైపు నిలిచి విన్నపము దాఖలుచేసిరి. 2024లో అదే కోర్టు, సహచరిని హింసించి న్యాయస్థానపు ఆంక్షకు లోనైనవానినుండి తుపాకి తీసికొనవచ్చునని ఎనమండుగురు ఒక్కటై, ఒక్కరు మాత్రము భేదించి, చెప్పినది.

ఆ హక్కునకు ఆ దేశము చెల్లించు మూల్యమును దాచుట న్యాయము కాదు. 2021లో అక్కడ తుపాకివలన మరణించినవారు 48 వేలకు పైబడిరి. అందులో సగమునకు మించి ఆత్మహత్యలు. ఆవేశము వచ్చిన ఆ గడియలో చేతికందిన సాధనము తుపాకి కావుటచే రెండవ ఆలోచనకు తావు లేకపోయినది. అప్పులపాలైన రైతు పురుగులమందు త్రాగిన వార్తలు చదివిన మనకు దీని యర్థము వేరుగా చెప్పనక్కరలేదు. కనుక అమెరికావలె కావలెనని నేను కోరను. ఇరువది యొకటవ యేడు నిండనివానికిని, మతిస్తిమితము లేనివానికిని, కొట్లాటలలో శిక్షపడినవానికిని, ఆలిని హింసించువానికిని తుపాకి యియ్యరాదు. కాని, నిందలేని గృహస్థుని పట్టున లైసెన్సు అధికారి దయాధర్మముగా నుండరాదు. పలుకుబడి గలవాని కొక పుటలో వచ్చునది, పొలముకాపరికి పది పుటల అర్జీతోను రాకుండుట 1878 నాటి పంక్తిభేదమునకు తమ్ముడే. నా వకీలు వృత్తిలో ఇట్టి అర్జీలను వ్రాసి యిచ్చుచు, పట్టణపు కంట్రాక్టరు దరఖాస్తును, గట్టుప్రక్కన వేరుశనగ వేసిన కాపు దరఖాస్తును ఒకే బల్లపై చూచియున్నాను. మొదటివాడు కోరినది దర్పము. రెండవవాడు కోరినది రాత్రి పందులగుంపు రాకుండుట. రెండవవాని కాగితమే యెక్కువకాలము నిద్రపోయినది.

నేడు అమలులో నున్నది 1959 నాటి ఆయుధముల చట్టము. 1962 అక్టోబరు 1వ తేదీన అమలునకు వచ్చినది. పాత చట్టము జాతినంతటిని నిరాయుధము చేయుటకు పుట్టినదని ఆ క్రొత్త చట్టపు ఉద్దేశ్యప్రకటనలోనే యొప్పుకొనిరి. కత్తులు, బల్లెములు మొదలగు వానికి సర్కారు ప్రత్యేకముగా ప్రకటించిన ప్రాంతములలో దప్ప లైసెన్సు అక్కరలేకుండ చేసిరి. ఇంతకంటె మీకు పనికివచ్చు సంగతి 13వ సెక్షనులో నున్నది. నిజముగా పంటరక్షణకై, మూతినుండి మందు కూరి కాల్చు తుపాకిని కోరు పౌరునికిని, ఆత్మరక్షణకైగాని వేటక్రీడకైగాని ఇరువది అంగుళములకు తగ్గని నున్నని గొట్టము గల తుపాకిని కోరు పౌరునికిని లైసెన్సు ఇయ్యవలెననియే చట్టము పలుకుచున్నది. నిరాకరణకు 14వ సెక్షనులో చెప్పిన కారణము లుండవలెను. చాలినంత ఆస్తి లేదను ఒక్క కారణముచే నిరాకరింపరాదని గూడ అందులో స్పష్టముగా నున్నది. ఈ వాక్యమును మీ గ్రామములోని పేదరైతునకు చదివి వినిపింపుడు. నిరాకరించునెడల కారణమును వ్రాసి, అడిగినవానికి దాని సంగ్రహము నియ్యవలెను. ప్రజాక్షేమమునకు భంగమని తోచినప్పుడు మాత్రము ఇయ్యకపోవచ్చును. దానిపై 18వ సెక్షను క్రింద అప్పీలు గలదు. 2019 సవరణచే ఒక్కనికి రెండు తుపాకులకు మించి యుండరాదు. లైసెన్సు గడువు మూడేండ్లనుండి అయిదేండ్లైనది.

ఇంకొక హెచ్చరిక. తుపాకికి లైసెన్సు వచ్చినంతమాత్రమున అడవిపందిని కాల్చుటకు అనుమతి వచ్చినట్లు కాదు. 1972 నాటి వన్యప్రాణి చట్టము క్రింద అటవీశాఖవారి యనుమతి వేరుగా పొందవలెను. ఈ రెండు కాగితములకును గల భేదము తెలియక కేసులపాలైన కాపులున్నారు.

మీలో ఎవరి యింటనైనను తాతగారి తుపాకి గోడకు వ్రేలాడుచు, లైసెన్సుదారు గతించియున్నచో, అది కుటుంబపు ఆస్తియే కదాయని అట్లే యుంచరాదు. 21వ సెక్షను ప్రకారము దానిని ఆలస్యము లేక సమీపపు ఠాణాలోగాని, లైసెన్సుగల ఆయుధవ్యాపారివద్దగాని దాఖలుచేసి, రసీదుపై తుపాకి నంబరు, తేదీ వ్రాయించుకొని, వారసుని పేర దరఖాస్తు పెట్టుకొనవలెను. లైసెన్సు వచ్చిన పిదప దానిని మరల తెచ్చుకొనవచ్చును.